గంగాధరప్ప పరగడుపు

పెనుకొండలో పెళ్లి కుదిరిందంటే జనం మొదట కల్యాణమండపం మాట్లాడుకుంటారు, ఆ వెంటనే గంగాధరప్పను. ఆయన ఖాళీగా ఉండే రోజు కనుక్కున్నాకే అయ్యవారి దగ్గరికి ముహూర్తానికి పోతారని ఊళ్లో ఒక మాట ఉంది. అది ఆయనే పుట్టించిన మాట కావచ్చు. అరవై దాటిన మనిషి, భారీ శరీరం. పొయ్యి సెగకు ముంజేతుల మీద వెంట్రుకలు ఎప్పుడో మాడిపోయాయి. ఆయన చేసిన ఓళిగ, అదే బొబ్బట్టు, చేతిలో పట్టుకుంటే పాత నూలుబట్టలాగా మెత్తగా వేలాడుతుంది. దాని కోసం హిందూపురం నుంచి కూడా పెళ్లివాళ్లు వచ్చి పిలుచుకుపోతారు.

ఆయన భార్య హనుమంతమ్మకు నిరుడు గుండెనొప్పి వచ్చింది. ఇంటి ముందు కూర్చుని చెనక్కాయలు ఒలుస్తూ ఒలుస్తూ పక్కకు ఒరిగిపోయింది. ధర్మవరంలో కొత్తగా కట్టిన గుండె ఆసుపత్రికి తీసుకుపోయారు. గుండెలో ముందుభాగం కదలడం లేదన్నారు. ఆ కండ చచ్చిపోయి ఉంటే ఆపరేషన్ చేసినా ప్రయోజనం లేదు, నిద్రలో ఉంటే మాత్రం లేపవచ్చు. చచ్చిందో నిద్రపోయిందో తేల్చడానికి డాక్టర్ కీర్తన ఒక పరీక్ష చేసింది. కాసేపు మాత్రమే కిరణాలు విడిచే అణువును చక్కెరకు తగిలించి నరంలోకి ఎక్కించి, హనుమంతమ్మను పెద్ద గుండ్రటి మిషన్లో పడుకోబెట్టింది. కదలని ఆ కండ చక్కెర తింటూ కనిపించింది. తింటోందంటే బతికే ఉందన్నమాట. ఆపరేషన్ చేశారు. ఇప్పుడు హనుమంతమ్మ మునుపటికంటే గట్టిగానే మాట్లాడుతోంది.

అప్పటినుంచి గంగాధరప్పకు ఆ మిషన్ మీద ఒకరకమైన భక్తి. చూపించుకోవడానికి భార్యను తీసుకొచ్చినప్పుడల్లా ఒక స్టీలు క్యారియర్ నిండా ఓళిగలు తెచ్చి మిషన్ గదిలోనే పెట్టేవాడు. ఆ గదిలోకి తిండి తీసుకుపోకూడదని కీర్తన ఎన్నిసార్లు చెప్పినా వినేవాడు కాదు. చివరికి ఆమె, మిగతా సిబ్బంది బయట వరండాలో నిలబడి తినేవాళ్లు. ఒకరోజు అట్లా తింటూనే, హిందూపురంలో ఒక కొత్త మందు తయారవుతోందని, దాన్ని మొదటిసారి మనుషుల్లో పరీక్షించడానికి గుండె బాగున్నవాళ్లు కావాలని ఆమె ఎవరితోనో అంటుంటే, మాట పూర్తికాకముందే గంగాధరప్ప చెయ్యెత్తాడు.

ఆ మందు తయారుచేస్తున్నది నీలావతి. ధర్మవరంలో పుట్టి, ఎక్కడెక్కడో చదివి, పెద్ద ఊళ్లలో ప్రయోగశాలల్లో పనిచేసి, హిందూపురం పక్కన పారిశ్రామికవాడలో, కిరణాలు విడిచే అణువులు తయారుచేసే సైక్లోట్రాన్ యంత్రం పెట్టారని తెలిసి తిరిగి వచ్చిన రసాయన శాస్త్రవేత్త. నలభై దాటింది. గుండె రెండు రకాల తిండి తింటుందని ఆమె అందరికీ ఒకే పద్ధతిలో చెప్పేది. కడుపు ఖాళీగా ఉన్నప్పుడు గుండె ఎక్కువగా కొవ్వు తింటుంది. మనం భోంచేయగానే అది కొవ్వు తగ్గించి చక్కెర మీదికి మళ్లుతుంది. చక్కెర తినడం చూడటానికి మందు ఎప్పటినుంచో ఉంది. కొన్ని జబ్బుల్లో ఏ నొప్పీ రాకముందే గుండెకు కొవ్వు మీద రుచి పోతుంది కాబట్టి, కొవ్వు తినడం చూపించే మంచి మందు ఒకటి కావాలన్నది నీలావతి పట్టుదల.

కొవ్వులాంటి పదార్థానికి కిరణాలు విడిచే ఫ్లోరిన్ తగిలించాలి. అది గుండెలోకి పోవాలి, పోయి అక్కడే చిక్కుకోవాలి, అప్పుడే బొమ్మ పడుతుంది. ఏళ్లు పట్టింది. మొదట చేసినదాన్నుంచి ఫ్లోరిన్ ఊడిపోయి, ఎలుకల గుండె వదిలేసి ఎముకలన్నీ వెలిగించింది. తర్వాతది మొత్తం కాలేయంలోకి పోయి కూర్చుంది. ఇంకొకటి ఏమైందో ఎవరికీ తెలియలేదు. ఆ తర్వాతది ఎలుకల్లో చక్కగా పనిచేసింది. తీరా దాన్ని నిపుణుల ముందు పెడితే, చెన్నై నుంచి వచ్చిన ప్రొఫెసర్ వరదరాజన్ కళ్లజోడు తీసి తుడుచుకుంటూ ఒకే ఒక్క ప్రశ్న వేశాడు. మీ మందు గుండె తిండిని చూపిస్తోందా, లేక రక్తం ఎక్కడికి పోతే అక్కడికి పోయి కూర్చుంటోందా? రక్తం సంగతి చూపించే మందులు బజారు నిండా ఉన్నాయి కదమ్మా అన్నాడు. నీలావతి దగ్గర ఎలుకల లెక్కలున్నాయి. మనుషుల సంగతి మనుషుల్లోనే తేలాలని ఆయన ఆ లెక్కల కాగితం మడిచి పక్కన పెట్టేశాడు. ఆ మడత ఆమెకు చాలా రోజులు గుచ్చుకుంది.

గంగాధరప్ప దంపతులకు పరీక్ష సంగతి వివరించడానికి నీలావతి స్వయంగా ధర్మవరం వచ్చింది. మందు ఏమిటో, ఎంత కిరణం ఒంట్లోకి పోతుందో, ఏ క్షణమైనా వద్దనే హక్కు ఆయనకు ఎట్లా ఉందో అంతా చదివి వినిపించింది. ఆయన సత్యనారాయణ వ్రతకథ వింటున్నట్టు చేతులు కట్టుకుని విన్నాడు. చివర్లో ఒక్క సందేహం అడిగాడు.

"అమ్మా, ఇది ఎక్కినాక నేను చీకట్లో మెరుస్తానా?"

మెరవరని, సాయంత్రానికల్లా మందు చాలావరకు కరిగిపోతుందని, అప్పటిదాకా కడుపుతో ఉన్నవాళ్లకు, పసిపిల్లలకు కాస్త దూరంగా ఉంటే చాలని నీలావతి చెప్పింది. హనుమంతమ్మకు కొంచెం నిరాశ కలిగింది. "మెరిసింటే బాగుండు. యాడ తిరుగుతాండాడో వాకిట్లోనుంచే కనపడతాండ్య" అంది.

ఇంక అసలు నియమం ఒకటుందని కీర్తన చెప్పింది. ముందురోజు రాత్రి భోజనం తర్వాత పరీక్ష అయ్యేదాకా మంచినీళ్లు తప్ప ఏమీ ముట్టకూడదు. పరగడుపున రావాలి. గుండె కొవ్వు తింటూ ఉన్నప్పుడే బొమ్మ తీయాలి కాబట్టి ఇది తప్పితే అంతా తప్పినట్టే. గంగాధరప్ప అదెంత పని అన్నాడు. కీర్తన మళ్లీ మళ్లీ చెప్పింది. ఆ బాధ్యత తనదని హనుమంతమ్మ మాటిచ్చింది.

వచ్చిన చిక్కల్లా ఆరోజు పెనుకొండలో ఒక పెళ్లి ఉండటమే. గంగాధరప్ప దాన్ని తన దగ్గర పని నేర్చుకున్న ఎర్రిస్వామికి అప్పగించాడు. ఎర్రిస్వామి నలభై ఏళ్లవాడు, పిల్లలున్నవాడు, పని వచ్చినవాడు. అయినా గంగాధరప్పకు మనసు నిలవలేదు. ఇంత పెద్ద పరీక్షకు గడ్డంతో పోతే ఏం బాగుంటుందని, గీయించుకొస్తానని భార్యకు చెప్పి పొద్దున్నే బయటపడ్డాడు. క్షౌరశాల కుడివైపు. ఆయన ఎడమవైపు తిరిగి మండపం వెనకున్న వంటశాలలోకి పోయాడు.

దూరంనుంచి ఒక్కసారి చూసి వెళ్లిపోదామనే పోయాడు. పూర్ణం రుబ్బి పెట్టారు. రంగు కొంచెం తెల్లగా అనిపించింది. వేలికి తీసుకుని నోట్లో వేసుకున్నాడు. బెల్లం తక్కువ. కలిపించి, సరిపోయిందో లేదో మళ్లీ చూశాడు. పెనం మీద మొదటి ఓళిగ తీశారు. మొదటిది ఎప్పుడూ పెనం సరిగా కాగకముందే పడుతుంది కాబట్టి దాన్నిబట్టి ఏమీ తెలియదు, రెండోది కూడా చూడాలి. చిత్రాన్నంలో నిమ్మరసం సంగతి చూడకుండా ఎట్లా పోతాడు? పాయసం మాత్రం గరిటెతోనే చూశాడు. అయితే అది అన్నం గరిటె.

ఆ సమయానికి పెళ్లికొడుకు ఊరేగింపు మండపం ముందుకు వచ్చింది. వీధి బిగుసుకుపోయింది. ఆ ఊరేగింపు వెనక ఒక తెల్లటి వ్యాన్ ఇరుక్కుంది. దాని మీద కిరణాల హెచ్చరికగా పసుపు రంగులో మూడు రెక్కల గుర్తు ఉంది. లోపల సీసపు పాత్రలో, తెల్లవారుజామున నీలావతి మనుషులు తయారుచేసి, శుద్ధి చూసి, మూతపెట్టి పంపిన మందు ఉంది. దాదాపు రెండు గంటలకోసారి సగానికి తరిగిపోయే మందు అది. డ్రైవర్ తిరుపాల్ హారన్ కొట్టీ కొట్టీ, బ్యాండు ముందు తన హారన్ ఎవరికీ వినపడదని తెలుసుకుని, నీలావతికి ఫోన్ చేసి, పెనుకొండలో పెళ్లికొడుకు నాట్యం ఆడుతున్నాడని చెప్పాడు. ఆమె అప్పటికే ధర్మవరం చేరుకుని ఎదురుచూస్తోంది. ఎంతసేపు ఆడతాడని అడిగింది. ఉత్సాహంగా ఉన్నాడని తిరుపాల్ చెప్పాడు.

అప్పుడు మండపంలోనుంచి పెద్దమనిషి ఒకాయన బయటికొచ్చి, డ్రైవర్ ముఖం చూసి జాలిపడి, లోపలికి పోయి ఆకులో ఒక ఓళిగ పెట్టుకొచ్చి కిటికీలోనుంచి ఇచ్చాడు. వ్యాన్‌లో ఏమీ తినకూడదని తిరుపాల్ అన్నాడు. అయితే దిగి తిను, బండి యాడికీ పోదులే అన్నాడా పెద్దమనిషి. అంతటితో ఆగక బ్యాండువాళ్ల మధ్యకు పోయి, డోలు వాయించేవాణ్ని భుజం పట్టి పక్కకు జరిపి, వ్యాన్‌కు దారి చేసిపెట్టాడు. అందులో పోతున్నది తన ఒంట్లోకి ఎక్కబోయే మందేనని గంగాధరప్పకు తట్టనే లేదు.

ఇంటికి చేరేసరికి హనుమంతమ్మ వాకిట్లో నిలబడి ఉంది. బస్సు పోతోందన్న కంగారులో ఆమె ఆయన ముఖం సరిగా చూడలేదు. ఆ బస్సు పోనేపోయింది. ఇంకో బస్సు పట్టుకుని ధర్మవరం చేరేటప్పటికి ఆసుపత్రిలో మందు వచ్చి కూర్చుంది, మనిషి రాలేదు. కీర్తన మెట్ల మీదికీ కిందికీ తిరుగుతోంది. నీలావతి గడియారం చూస్తోంది. ఆయన్ను దాదాపు లాక్కుపోయి, వేలిమీద పొడిచి చక్కెర చూశారు. కొంచెం ఎక్కువైనా హద్దులోనే ఉంది. మందు ఎక్కించి మిషన్లో పడుకోబెట్టారు. ఆయన వెంటనే నిద్రపోయాడు. గురక అద్దం అవతలికి కూడా వినపడింది.

బొమ్మ తెరమీదికి రావడం మొదలైంది. నీలావతి కుర్చీ ముందుకు లాక్కుంది. ఎలుకల్లో ఆమె చూసినది మండుతున్న ఉంగరం లాంటి గుండె. ఇక్కడ కనిపించింది తడిచేత్తో తుడిచిన పలకమీది మరక. కాలేయం మాత్రం దర్జాగా వెలుగుతోంది. గుండె ఉండాల్సిన చోట ఏదో ఉందా లేదా అన్నంత మసక.

ఆమె హిందూపురానికి ఫోన్ చేసి మందు శుద్ధి మళ్లీ చెప్పించుకుంది. బాగానే ఉంది. సూది నరంలోకే పోయిందా అని చూశారు. పోయింది. మిషన్ సరిగానే ఉంది. పెనుకొండలో ఆలస్యమైనా మందు తగినంత మిగిలే ఉంది. ఇన్నేళ్ల పని ఇట్లా అయ్యిందేమిటని ఆమె తెర ముందే చాలాసేపు కూర్చుంది. వరదరాజన్ కళ్లజోడు తుడుచుకోవడం కళ్లముందు కదిలింది. కీర్తన కాఫీ తెప్పించింది.

కాఫీ చల్లారుతుండగా నీలావతికి ఒక సంగతి గుర్తొచ్చింది. ఇట్లాంటి మసక బొమ్మ ఆమె ఇంతకుముందు ఒకసారి చూసింది. ఆరోజు ఎలుకల గదిలో తొట్టిలోంచి మేత తీయడం మర్చిపోయారు.

ఆమె లేచి బయటికి వచ్చింది, కీర్తన కూడా వెంట వచ్చింది. పరీక్ష ముగించుకుని గంగాధరప్ప భార్య పక్కన బెంచీమీద, పని అయిపోయిన మనిషి నిశ్చింతతో కూర్చుని ఉన్నాడు.

"చిన్నాయనా, పొద్దున ఏమన్నా తిన్యారా?"

"లేదమ్మా. కూర్చోని ఒక్క మెతుకు తినింటే ఒట్టు."

హనుమంతమ్మ కూడా సాక్ష్యం చెప్పింది. పొద్దుటినుంచీ తన కళ్లముందే ఉన్నాడని, గడ్డం గీయించుకోవడానికి పోయినప్పుడు తప్ప ఒక్క నిమిషం విడిచిపెట్టలేదని చెప్పింది. ఆ మాటతో ముగ్గురి చూపులూ ఆయన గడ్డం మీదికి పోయాయి. తెల్లటి గడ్డం నిన్న ఎట్లా ఉందో ఇవాళా అట్లానే ఉంది. ఆయన చేత్తో దాన్ని కప్పుకున్నాడు.

సరిగ్గా అప్పుడే ఖాళీ సీసపు పాత్ర తీసుకుపోవడానికి తిరుపాల్ పైకి వచ్చాడు. బెంచీమీద మనిషిని చూసి ముఖమంతా విప్పారింది.

"ఏమప్పా, నువ్వు ఈడ ఉండావా? ఓళిగ శానా బాగుండ్య."

అందరూ గంగాధరప్ప వైపు తిరిగారు. తానేదో తప్పు అన్నానని గ్రహించి తిరుపాల్, ఆయనెవరో తనకు తెలియదని, ఓళిగ మాత్రం నిజంగానే బాగుందని సర్దబోయాడు.

గంగాధరప్ప తలవంచుకుని చెప్పుకొచ్చాడు. తాను తినలేదు, రుచి చూశాడు. ఆకు ముందు కూర్చుంటే అది తినడం, పొయ్యి దగ్గర నిలబడి నోట్లో వేసుకునేది పని. నలభై ఏళ్లుగా ఆయన లెక్క అదే. పూర్ణం చూశాడు, ఓళిగలు చూశాడు, చిత్రాన్నం చూశాడు, పాయసం చూశాడు. హనుమంతమ్మ ముఖం అటు తిప్పుకుంది. ఆమె తిట్టి ఉంటే ఆయనకు కాస్త తేలికగా ఉండేది.

"నా వల్ల మందు పాడయిందా అమ్మా?" అని అడిగాడు. "ఈ మిషనే గదా ఈమెను నాకు తిరిగిచ్చింది. దానికి నేను అబద్ధం చెప్పినట్ల అయిపాయ."

నీలావతికి మొదట కోపం వచ్చింది. తెల్లవారుజామున లేచిన మనుషులు, సైక్లోట్రాన్, వ్యాన్, అన్నీ ఒక గరిటె పాయసం పాలయ్యాయనిపించింది. ఏదో అనబోయి ఆగింది. గుండె బాగుందో లేదో చూడటానికి పోయిన వారం ఈయనకే గుండె రక్తప్రసరణ పరీక్ష చేశారు. ఆ బొమ్మలో గుండె నిండుగా, ఎక్కడా లోటు లేకుండా ఉంది. రక్తం అంత బాగా పోతున్న గుండెలో ఇవాళ ఈ మందు నిలవలేదు. ఆమె మందు రక్తం వెంబడి పోయేదైతే ఇవాళ కూడా గుండె వెలగాలి. వెలగలేదు. ఓళిగ పడగానే గుండె కొవ్వు మానేసి చక్కెర మీదికి తిరిగింది, మందు ఆ సంగతిని ఉన్నదున్నట్టు చెప్పింది.

ఆమె వరండాలోనే నవ్వడం మొదలుపెట్టింది. కీర్తనకు భయమేసింది. విషయం చెప్పగానే ఆమె కూడా గోడకు ఆనుకుని నవ్వింది. గంగాధరప్ప ఇద్దరినీ మార్చి మార్చి చూసి, ఇది క్షమించడమో కాదో తెలియక, నవ్వాలా వద్దా అన్నట్టు ఉండిపోయాడు.

ఆ సాయంత్రమే నీలావతి వరదరాజన్‌కు ఫోన్ చేసింది. ఆయన అంతా విన్నాడు. నియమం తప్పిన ఒక్క మనిషి రుజువు కాడని, అది కబురు మాత్రమేనని అన్నాడు. ఈరోజు బొమ్మ లెక్కలోకి రాదని, జరిగినదంతా ఉన్నదున్నట్టు నైతిక కమిటీకి తెలియజేయాలని చెప్పాడు. అదంతా నీలావతికి తెలిసిందే. ఫోన్ పెట్టేయబోతూ ఆయన, ఇంతకీ ఆ మనిషి ఏం తిన్నాడని అడిగాడు. ఆమె వరసగా చెప్పింది.

"ఇదంతా రుచికేనా?" అన్నాడు.

కమిటీ అనుమతి రావడానికి కొన్ని నెలలు పట్టింది. ఈసారి పద్ధతి మార్చారు. ప్రతి మనిషికీ ఒకరోజు పరగడుపున, ఇంకోరోజు కొలిచి ఇచ్చిన గ్లూకోజు నీళ్లు తాగాక బొమ్మ తీయాలి. రెండూ పక్కపక్కన పెట్టి చూడాలి. గంగాధరప్పను మళ్లీ తీసుకోవచ్చా అన్నదాని మీద కమిటీలో కొంత చర్చ జరిగింది. చివరికి ముందురోజే ఆసుపత్రిలో చేర్చుకోవాలన్న షరతుతో ఒప్పుకున్నారు.

ఈలోపు హనుమంతమ్మ ఆ కథను వీధి మొత్తానికి చెప్పింది. వీధి ఊరికి చెప్పింది. పెళ్లిళ్లలో వడ్డించేవాళ్లు కూడా ఆయన గరిటె ఎత్తగానే, ఏమప్పా, పరగడుపునే ఉండావా అని అడగడం మొదలుపెట్టారు. ఆయన జవాబు చెప్పకుండా వంట చేసుకునేవాడు. ఒక పెళ్లిలో పంతానికి రుచి చూడకుండానే వండాడు. ఆ పెళ్లివాళ్లు సాంబారు గురించి ఇప్పటికీ మాట్లాడతారు.

ఆసుపత్రిలో ఆరోజు గంగాధరప్ప నిజంగా ఆకలితో ఉన్నాడు. పొయ్యి పట్టినప్పటినుంచి ఆయనకు ఆకలి ఎట్లా ఉంటుందో గుర్తే లేదు. మొదట కోపం వచ్చింది, తర్వాత తలనొప్పి, తర్వాత ఏదో వైరాగ్యం. క్యాంటీన్ నుంచి ఉప్మా వాసన వస్తుంటే ఆవాలు మాడ్చారని నర్సుకు ఫిర్యాదు చేశాడు. తలుపు దగ్గర కుర్చీ వేసుకుని హనుమంతమ్మ కూర్చుంది. ఆమె కూడా ఏమీ తినలేదని, మాత్రలు మింగాలి కాబట్టి తినమని చెప్పినా వినలేదని కీర్తన గమనించింది. చివరికి నీలావతి దగ్గరుండి ఆమెను వరండాలోకి తీసుకుపోయి, ఆయనకు కనపడకుండా ఇడ్లీలు తినిపించింది.

ఈసారి పెనుకొండలో ఏ పెళ్లికొడుకూ అడ్డం రాలేదు. మందు వేళకు వచ్చింది. మనిషి కూడా ఉన్నాడు. ఆయన నిద్రపోలేదు, ఆకలికి నిద్ర పట్టలేదు. తెరమీద మొదట మసకగా కమ్ముకున్నది క్రమంగా తేరుకుంది. ఆ తర్వాత గుండె వెలిగింది. కండ మొత్తం చుట్టూరా సమంగా, నడుమ చీకటి గుంటతో గుండ్రంగా వచ్చింది. నీలావతి అరచెయ్యి నోటికి అడ్డం పెట్టుకుని చూస్తూ ఉండిపోయింది. పక్కగదుల్లోవాళ్లు కూడా వచ్చి ఆమె వెనక నిలబడ్డారు.

అయిపోయాక ఆ దంపతులను పిలిచి చూపించారు. గంగాధరప్ప చాలాసేపు చూసి, "ఉద్దివడ మాదిరి ఉండాదే" అన్నాడు. మినపవడతో పోల్చడం తెలివిగా అన్న మాట కాదు, ఆకలితో అన్న మాట.

హనుమంతమ్మ దగ్గరికి పోయి తెరను వేలితో తాకబోయి, తాకవచ్చో లేదో తెలియక వేలు వెనక్కి తీసుకుంది. "ఇంత వెలుగుండాదా ఈయప్ప లోపల" అంది. అని, తాను అన్నది అందరూ విన్నారని సిగ్గుపడి, ఇంక ఈయనకు అన్నం పెట్టించండి అని గట్టిగా చెప్పింది.

రెండో పరీక్ష రోజు గంగాధరప్ప ఉత్సాహంగా వచ్చాడు. అనుమతితో తినే రోజు కదా అని ఆయన అనుకున్నాడు. చేతికి ఒక గ్లాసు గ్లూకోజు నీళ్లిచ్చారు. ఇంకేమీ లేదా అని అడిగాడు. లేదన్నారు. నాలుగు యాలకులన్నా వేయకూడదా అన్నాడు. కూడదన్నారు. కళ్లు మూసుకుని కషాయం తాగినట్టు తాగాడు. ఇంత చదువుకున్నవాళ్లు ఒక మనిషికి ఇట్లాంటిది ఇస్తారని తాననుకోలేదని తర్వాత తిరుపాల్ దగ్గర వాపోయాడట. ఆ బొమ్మలో గుండె మళ్లీ మసకబారింది. ఓళిగలప్పుడు ఎట్లా ఉందో అచ్చం అట్లానే.

వరదరాజన్ తానే ధర్మవరం వచ్చాడు. రెండు బొమ్మలూ పక్కపక్కన పెట్టించాడు. రక్తప్రసరణ బొమ్మ అడిగాడు. కళ్లజోడు తుడుచుకుని మూడింటినీ మళ్లీ చూశాడు. ఒక్క మనిషితో ఏదీ తేలదని, ఇంకా పదిమందిలో ఇట్లానే రావాలని అన్నాడు. తర్వాత "సరే" అన్నాడు. ఆ సరే చెవిలో పెట్టుకుని నీలావతి హిందూపురం దాకా కారు కిటికీ తెరుచుకుని పోయింది.

మిగతావాళ్లను పోగుచేయడం మొదలైంది. పరగడుపున ఉండేవాళ్లు దొరకడమే కష్టమవుతుందని అందరూ అనుకున్నారు. తీరా చూస్తే అది ఏమాత్రం కష్టం కాలేదు. వచ్చినవాళ్లలో సగంమంది ఆడవాళ్లు, వాళ్లకు ఏదో ఒక ఒక్కపొద్దు ఎప్పుడూ ఉండనే ఉంది. అడగకముందే పరగడుపున వచ్చారు. వాళ్లచేత గ్లూకోజు నీళ్లు తాగించడమే పెద్ద పని అయిపోయింది.

అందరికంటే గట్టి మనిషి యశోదమ్మ. నల్లమాడలో బడిపంతులమ్మగా పనిచేసి రిటైరైంది. పరగడుపు బొమ్మ చక్కగా వచ్చింది. రెండో పరీక్షకు శనివారం రమ్మంటే, శనివారం వెంకటరమణస్వామిది, నీళ్లు తప్ప ఏమీ ముట్టనని ఫోన్లో చెప్పింది. నీలావతి సోమవారం అంది. సోమవారం శివుడిది. మంగళవారం ఆంజనేయస్వామిది. గురువారం ఈమధ్యనే మొదలుపెట్టిందట. శుక్రవారం సంగతి అడగనే అక్కర్లేదు. ఆదివారం సైక్లోట్రాన్‌కు సెలవు.

"అయితే బుధవారం రండమ్మా" అంది నీలావతి.

"బుధవారం ఏమీ లేదుగానీ, ఆరోజు అగళి నుంచి మా చెల్లెలు వస్తాది. ఆమెను వదిలిపెట్టి నేనొక్కదాన్నే తాగితే ఏం బాగుంటాది? ఆమెకు కూడా ఇస్తారా ఆ నీళ్లు?"

నీలావతి ఫోన్‌ను చేత్తో మూసి కీర్తనతో మాట్లాడింది. తర్వాత, మీ చెల్లెలి గుండె ఆరోగ్యంగా ఉందా అమ్మా అని అడిగింది.

"రాయి మాదిరి ఉండాది" అంది యశోదమ్మ.

ముందుగా చేయాల్సిన పరీక్షలకు, పరగడుపు బొమ్మకు ఆ చెల్లెల్ని ఒప్పించే పని కూడా ఆమే నెత్తిన వేసుకుంది. కొన్ని వారాల తర్వాత ఒక బుధవారం తిరుపాల్ వ్యాన్ హిందూపురం నుంచి రెండు సీసపు పాత్రలతో బయలుదేరింది. అక్కచెల్లెళ్లిద్దరూ అప్పటికే వరండాలో బెంచీమీద కూర్చుని, చెరొక గ్లాసు పట్టుకుని, ఎవరి నీళ్లు ఎక్కువ తియ్యగా ఉన్నాయో వాదించుకుంటున్నారు.